అడిగేదాకా ఇవ్వకండి

దీవెనకు నాలుగేళ్లు నిండినా మాట రాలేదు. మాట రాలేదు గానీ, ఆ రాకపోవడానికి పేర్లు మాత్రం బోలెడు వచ్చాయి. నాచారంలో పిల్లల డాక్టరు ‘డిలే’ అన్నాడు. తార్నాకలో ఇంకో డాక్టరు ‘మైల్డ్’ అన్నాడు, ఏది మైల్డో చెప్పలేదు. చర్చిలో ఒకావిడ, ఎక్కడ విన్నదో ఏమో, ‘స్పెషల్ చైల్డ్’ అంటూ పిల్ల తల నిమిరి నిట్టూర్చింది. తల్లి గ్రేసీకి ఒళ్లు మండిపోయేది. పిల్లకు పేరు పెట్టడం నాలుగేళ్ల కిందటే అయిపోయింది కదా, మళ్లీ ఈ నామకరణాలేమిటి? పేరు పెట్టేవాళ్లే అందరూ, దారి చూపేవాళ్లు ఒక్కరూ లేరు.

చివరికి ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర పిల్లలకు మాటలు నేర్పే తారామణి మేడం పనికొచ్చే ముక్క ఒకటి చెప్పింది.

“మీ పాప వేలు చూపించగానే అన్నీ అందించేస్తున్నారు. ఇక మాటతో ఆమెకేం పని? బిస్కెట్టయినా, బొమ్మయినా చేతిలో పట్టుకుని ఆగండి. నోటితో ఏదో ఒకటి అడిగేదాకా ఇవ్వకండి. ఇంట్లో అందరూ ఇలాగే చెయ్యాలి.”

ఆ ‘అందరూ’ దగ్గరే వచ్చింది తంటా.

జూన్‌లో బళ్లు తెరుస్తారు. రెండు బళ్లు అప్పటికే కుదరదన్నాయి. మిగిలింది ఉమామహేశ్వర్ సారు బడి. ఆయన ఏదో సెమినారుకు వెళ్లొచ్చినప్పటి నుంచి నోరు తెరిస్తే కొత్త మాటలే. “మాది ఇన్‌క్లూజివ్ స్కూలమ్మా. అందర్నీ తీసుకుంటాం. కాకపోతే, తనకు కావలసింది పాప నోటితో అడగగలగాలి,” అన్నాడు. అందర్నీ తీసుకునేవాడికి ఈ ‘కాకపోతే’ ఎందుకని అడగబోయి గ్రేసీ నాలుక కరుచుకుంది. అక్కడ కూడా సీటు రాకపోతే పిల్లకు బడి లేనట్టే. నలుగురు పిల్లల్లో పడకుండా, నాలుగు గోడల మధ్య పెరగాల్సిందే.

ఆ రోజు నుంచి ఇంట్లో యుద్ధం మొదలైంది.

గ్రేసీ బిస్కెట్టు పట్టుకుని “అడుగు బిడ్డా” అని కూర్చునేది. దీవెన వేలు చూపించేది, మూలిగేది, తర్వాత బోరుమనేది. అత్త హన్నాకు అక్కడే మనసాగేది కాదు.

“పసిపోరి గట్ల ఏడుస్తుంటె సూస్కుంట కూసుంటవా? నీది గుండెనా, బండనా?” అంటూ డబ్బాలో నుంచి ఇంకో బిస్కెట్టు తీసేది.

“ఇయ్యకు అత్తమ్మా! ఇయ్యకు!”

గ్రేసీ గొంతు లేచేది. ఆ అరుపు ఆగేలోపే బిస్కెట్టు దీవెన చేతిలో ఉండేది.

అత్తతోనే అయిపోతే బాగుండేది. అదే వాకిట్లో ఉండే ఇంటి ఓనరు వెంకటనర్సమ్మ మురుకులు పట్టుకొచ్చేది. “ఇయ్యకు అక్కా!” “ఒక్కటే గదనే, ఏమైతది?” బందు వచ్చిందంటే మరీ ఘోరం. ఆ ఏడాది బందులకేం తక్కువ లేదు, ఫ్యాక్టరీ బందై మొగుడు రవి కుమార్ కూడా ఇంట్లోనే. అతను ఇచ్చేది చాటుగా కూడా కాదు, ఎదురుగానే. “ఇయ్యకు!” అని గ్రేసీ అరవడం, అతను ఇచ్చేసి “అరె, మర్సిపోయిన” అనడం. దేవుడా, ఈ మనుషులతో ఎట్లా వేగేది?

పైగా, చిలక కొరికిన జామపండు పెడితే మాట వస్తుందని వెంకటనర్సమ్మ చెప్పింది. పాస్టరుగారికి తెలియకుండా హన్నా దానికి ఆమెన్ అనేసింది. నాచారంలో చిలక ఎక్కడ దొరుకుతుంది? రవి కుమార్ ఉప్పల్లో బండి మీద జామపండు కొని, దారిలో తనే ఓ కాటు వేసి తెచ్చాడు. గ్రేసీ ఆ పంటిగాట్లు చూసింది.

“ఈ చిలుకకు మీసాలున్నయా?” అంది. అతను తల దించుకున్నాడు. దించిన తలతోనే పండును కూతురి వైపు చాపాడు. “ఇయ్యకు!” అంటూనే ఉంది, పిల్ల కసుక్కున కొరికింది.

అలా వేసవి గడిచిపోయింది. దీవెన నోటి నుంచి ఒక్క మాట రాలేదు. సారు రమ్మన్న రోజున గ్రేసీ సగం ఆశ ఇంట్లోనే వదిలేసి బయలుదేరింది. హన్నా వెంట వస్తానంది. “నోరు మూస్కొని కూసుంటనంటెనే రా అత్తమ్మా,” అని చెప్పి మరీ తీసుకెళ్లింది.

ఉమామహేశ్వర్ సారు సొరుగులో నుంచి చాక్లెట్టు తీసి చూపించాడు. “ఏం కావాలి పాపా? అడుగు.”

దీవెన చాక్లెట్టునే చూస్తోంది. వేలు చూపించింది. సారు ఇవ్వలేదు. హన్నా కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్ల కింది పెదవి వణకడం మొదలైంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతే, సెమినారుకు వెళ్లొచ్చిన సారు కూడా కరిగిపోయాడు. ఆయన చెయ్యి మెల్లగా ముందుకు వస్తోంది. ఈయనా అంతేనా! గ్రేసీ నోటిదాకా వచ్చిన కేకను పళ్ల మధ్య ఆపుకుంది.

ఆమె ఆపుకున్న మాట పక్క నుంచి వినబడింది.

“ఇయ్యకు.”

దీవెన. రెండు చేతులూ చాపి మరీ అంటోంది. సారు ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పిల్లకు చిర్రెత్తింది. అచ్చం తల్లి విసుగుతో, తల్లి గొంతుతో, చేతులు ఇంకా ముందుకు చాపి అరిచింది.

“ఇయ్యకు! ఇయ్యకు!”

“వద్దంటోందేమిటమ్మా?” అన్నాడు సారు.

గ్రేసీకి ఒక్కసారిగా అర్థమైంది. ఈ వేసవంతా ఆ మాట వినబడ్డప్పుడల్లా పిల్ల చేతిలో ఏదో ఒకటి పడింది. బిస్కెట్టు పడింది, మురుకు పడింది, మీసాల చిలక కొరికిన జామపండు పడింది. ఇంత గొప్పగా పనిచేసే మాట పిల్లకు ఇంకొకటి ఎవరు నేర్పారు? గ్రేసీకి నవ్వొచ్చింది, సిగ్గేసింది, నవ్వుతుంటేనే కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి.

“వద్దంటలేదు సార్,” అంది. “మా ఇంట్ల అడుగుడు గిట్లనే. జర ఇయ్యుండ్రి సార్, నా బిడ్డ అడిగింది.”