జెల్ల ముల్లు

అండాలమ్మ అరవలేదు. వేలిలో దిగిన ముల్లును చూస్తూ అలాగే కూర్చుంది. పక్క కత్తిపీట మీద చేపలు కోస్తున్న సంధ్యారాణిని భయపెట్టింది ఆ అరవకపోవడమే.

మూడు రోజుల్లో చెయ్యి మోచేతి దాకా ఉబ్బింది. వేలు తీసెయ్యాల్సి రావచ్చని దవాఖానలో చెప్పారు. అండాలమ్మ కూతురు మార్కెట్ కాంట్రాక్టర్ మీద పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది.

ఏరు సముద్రంలో కలిసేచోట, ఉప్పునీళ్ల అడుగున, బురదలో తిరిగే చేప ఈ జెల్ల. వీపు మీద ఒకటి, పక్క రెక్కలకు చెరొకటి, మూడు ముళ్లు. బెదిరితే వాటిని నిలబెట్టి బిగిస్తుంది. చచ్చాక కూడా ఆ బిగువు సడలదు. నల్గొండ పల్లెల నుంచి చేపలు కోసే పనికి వచ్చిన ఆడవాళ్లకు తెలిసింది చెరువు జెల్ల. మెడ కింద రెండు వేళ్లు పెట్టి పట్టేవాళ్లు. ఎల్బీనగర్ మార్కెట్లో దీన్నీ అలాగే పట్టారు.

ఇదివరకు పెట్టెలు దించేవాళ్లు పట్టకారుతో ముళ్లు విరిచేవాళ్లు. ముల్లుంటేనే చేప తాజాగా కనిపిస్తుందని కాంట్రాక్టర్ ప్రసన్నకుమార్ ఆ పని ఆపించాడు. అప్పటి నుంచి ముల్లు దిగి చేతికి కట్టు కట్టుకోని మనిషి లేదు.

శనివారం అతను సంధ్యారాణి దగ్గరికొచ్చి వంగి మెల్లగా అన్నాడు. "ముసల్ది ఇంటికాడనే కుచ్చుకొని ఒచ్చింది. రేపు ఎస్సై అడిగితే గదే చెప్పు. నీ జాగ నీకుంటది."

ఆమె తలూపింది. ఎందుకు ఊపిందో ఆమెకే తెలియలేదు. తన తలను ఎవరో బయటి నుంచి కదిపినట్టు అనిపించింది. ఆమె భయం కాంట్రాక్టర్ గురించి కాదు. అందరూ చూస్తుండగా ఒంటరిగా నిలబడాల్సి రావడం గురించి.

ఆ సాయంత్రం కర్మన్‌ఘాట్‌లో అండాలమ్మ కిరాయి గదిలో చేపలు కోసే ఆడవాళ్లంతా కూడారు.

"మనకు చేపను పట్టుడు రాదంటున్నడు కాంట్రాక్టర్," అంది కిష్టమ్మ. "నిజమేనేమో."

"ఏం నిజం వదినా?" కాకినాడ వైపు నుంచి వచ్చిన ఉదయలక్ష్మి లేచింది. "నేను పుట్టినప్పట్నుంచీ జెల్లలే చూస్తున్నా. మా నాన్న పడవ మీదే ముళ్లు విరిచేసేవాడు. విరవని జెల్లని మావాళ్లు కత్తిపీట దగ్గరికే రానివ్వరు."

"మరి గిన్ని దినాలు నోట్లె ఏం పెట్టుకున్నవ్?"

"ఆంధ్రామె అని దూరంగా కూర్చోబెట్టారుగా! అడిగారా ఎప్పుడైనా?"

కిష్టమ్మ నవ్వబోయి ఆగిపోయింది. "తప్పే అయింది. ఇటు జరుగు, నా పక్కకు రా."

సంధ్యారాణి తల దించుకునే అంది. "వాడు అబద్ధం చెప్పమంటే నేను తలూపిన."

అందరూ ఆమె వైపు తిరిగారు. తిడితే బాగుండుననిపించింది ఆమెకు. చివరికి అండాలమ్మే అంది: "తల నీదే గదా బిడ్డా. రేపు అడ్డంగ ఊపు."

ఆదివారం పొద్దున మార్కెట్ కిక్కిరిసింది. "జర జల్దీ కొట్టియ్యమ్మా," అంటూ జనం మీద పడుతున్నారు. ఎస్సై వచ్చాడు. ప్రసన్నకుమార్ సంధ్యారాణిని చూపించాడు.

"ఇంటి దగ్గరే గుచ్చుకుందంట, నిజమేనా?"

సంధ్యారాణి లేచి నిలబడింది. తల అడ్డంగా ఊపింది. ఆ వెనకే మాట వచ్చింది. "ఈడనే సారూ. నా కండ్ల ముందట. ముండ్లు ఇరుసుడు బంద్ చేయించింది గీయనే."

కిష్టమ్మ కత్తిపీట పక్కకు వాల్చింది. తర్వాత ఉదయలక్ష్మి. ఆ వరుసంతా కత్తిపీటలు వాలాయి. "ముండ్లు ఇరిసినంకనే కోస్తం!" అని వరుసంతా అరిచింది.

"మీరు గాకపోతె ఇంకోళ్లు!" ప్రసన్నకుమార్ ఫోన్ తీశాడు.

గంటలో అడ్డా మీది కూలీ ఆడవాళ్లతో ఆటో వచ్చింది. అప్పటికే, బేరం చెడగొడుతోందని ప్రసన్నకుమార్ అంటే, సంధ్యారాణిని పోలీసు వ్యాన్ ఎక్కించారు. కిటికీ జాలీలోంచి ఆమె చూసింది. చేతికట్టుతోనే మార్కెట్‌కొచ్చిన అండాలమ్మ ఆటోకు ఎదురెళ్లి, కట్టు విప్పి, నల్లబడిన వేలు చూపించింది.

ముందుగా దిగిన కూలీ మనిషి ఆ వేలిని చూసింది, పెట్టెల్ని చూసింది.

"ముండ్లు ఇరిసినయేనా సారూ?"

ప్రసన్నకుమార్ కత్తిపీట వైపు చెయ్యి చూపించాడు. "నీకెందుకే? కూసో!" అన్నాడు.

ఆమె కూర్చుంది. కిష్టమ్మ పక్కన, తడి నేల మీద.

వ్యాన్ కదిలింది. ఆటోలోని మిగతావాళ్లు ఏం చేశారో కనిపించలేదు. దిల్‌సుఖ్‌నగర్ వైపు తిరుగుతుంటే ఇంకో పోలీసు వ్యాన్ సైరన్ మోగిస్తూ ఎదురొచ్చి మార్కెట్ వైపు దూసుకుపోయింది.

సంధ్యారాణి తల తిప్పి దాని వెనకే చూసింది. మరుక్షణం ఆమె జాలీ పట్టుకుని నిటారుగా కూర్చుంది.

కూర్చున్నవాళ్లకు ఒక్క వ్యాను చాలలేదన్నమాట.