బొగ్గు సిలువ గీసిన గుడ్లు

కోడిని పొదుగుకు కూర్చోబెట్టే ముందు కృపమ్మ ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో చిన్న సిలువ గీస్తుంది. అది ఆమె తల్లి అలవాటు. వేరే కోళ్లు అదే గూట్లో కొత్తగా గుడ్లు పెట్టినా కలిసిపోకుండా ఉండడానికి మొదలైన పని; ప్రార్థన తర్వాతెప్పుడో వచ్చి చేరింది. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఆ ఇంట్లో తల్లి తాలూకు జ్ఞాపకాలుగా ఈ అలవాటు, మెడ మీద ఈకలు మొలవని బోడిమెడ కోళ్లు మాత్రమే మిగిలాయి.

వానాకాలం చివర వచ్చిన రోగంతో ఆ కోళ్లు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలిన ఒక్క పుంజునూ క్రిస్మస్ తర్వాత కుక్క పట్టుకుపోయింది. అప్పటికే ఆ పుంజుతో కలిసిన ఒంటరి పెట్ట కొన్ని గుడ్లు పెట్టి, వాటి మీద పొదుగుకు కూర్చుంది. ఆ గుడ్లు పిల్లలైతేనే సంతతి నిలుస్తుంది. ఇకమీదట పెట్టే గుడ్లకు పుంజు లేదు.

సరిగ్గా అప్పుడే హనుమకొండ నుంచి తమ్ముడు సుందర్ రావు ఒక అట్టపెట్టెతో వచ్చాడు. ఊకలో జాగ్రత్తగా సర్దిన నల్లకోడి గుడ్లు అందులో ఉన్నాయి.

“ఈ జాతి గుడ్లు పెడ్తది గని పొదుగదక్కా. నీ కోడి కింద పెట్టు. తల్లి వెంబడి తిరిగిన పిల్లలైతె గట్టిగుంటయి.”

“మరి నాయి?”

“నా పొదిగే మిషన్ల పెడ్త. నాటువి మొండియి, యాడన్న బతుకుతయి.”

“మొండియైతె తల్లి కిందనే ఉండనియ్యి. నీయే మిషన్ల పెట్టుకోరాదుర?”

“గంత అనుమానమెందుకక్కా? అవ్వ కోళ్లు నీకేనా, నాకు కాదా?”

తల్లి పేరెత్తిన ఆ మాటకు కృపమ్మ మెత్తబడింది. పెట్ట కళ్లు మూసుకున్న వేళ చెయ్యి దూర్చి, వెచ్చటి గుడ్లను ఒక్కొక్కటిగా తీసి, వాటి చోట తమ్ముడి గుడ్లను ఉంచింది. పెట్ట ఒకసారి కదిలి, రెక్కలు సర్దుకుని, పరాయి గుడ్ల మీద మళ్లీ ఒదిగిపోయింది. తీసిన గుడ్లను సుందర్ రావు అదే అట్టపెట్టెలో సర్దుకుని వెళ్లాడు.

నల్లపిల్లలు బయటపడ్డాయి. ముక్కూ కాళ్లూ కూడా నలుపే. పెట్ట వాటిని వాకిలంతా తిప్పింది. చెదలు కెలికి చూపింది. గద్ద నీడ పడితే రెక్కల కిందికి పిలిచింది. తమ్ముడింట్లోని తన బోడిమెడ పిల్లలను కూడా చూడాలనిపించి, కృపమ్మ ఒక డబ్బాలో నూకలు పోసుకుని హనుమకొండ బస్సెక్కింది.

ఇంట్లో మరదలు కీర్తన ఒక్కతే ఉంది.

“గుడ్లు మస్తు రుచిగుండె వదినె. ఫారం గుడ్లు తిని తిని నోరు చచ్చిపోయింది. తినుమని నువ్వే పంపినవంట గద.”

“ఎవరన్నరు?”

“ఇంకెవరు, మీ తమ్ముడే.”

కృపమ్మ చుట్టూ చూసింది. “మిషన్ ఏది?”

“అగొ, అండ్ల ఉల్లిగడ్డలు పోసిన. క్రిస్మస్ ముందుగాల్నే కాలిపాయె. మీ తమ్మునికి కొనుడు ఎరుక గని బాగు చేపిచ్చుడు ఎరుక లేదు,” అని కీర్తన నవ్వింది. ఆమె ముఖంలో దాపరికమేమీ లేదు.

గేటు పక్క కుండీలోని క్రోటన్ కొమ్మల చివర్లకు గుడ్డు పెంకులు టోపీల్లా తొడిగి ఉన్నాయి. పిల్ల పొడుచుకుని వచ్చిన పెంకు వెడల్పు వైపు మూతలా విడిపోతుంది. లోపల నెత్తుటి చారల పొర అంటుకుని ఉంటుంది. ఇవి నడిమికి పగిలినవి. లోపల తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. బయట మాత్రం బొగ్గు సిలువలు ఇంకా పూర్తిగా చెరగలేదు. కృపమ్మ ఒక పెంకు తీసి కొంగులో కట్టుకుంది. నూకల డబ్బా మూత తీయకుండానే ఇంటికి తిరిగి వచ్చింది.

నల్లపిల్లలు కాస్త ఎదిగాక, ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తర్వాత సుందర్ రావు ప్లాస్టిక్ బుట్టతో వచ్చాడు.

“నా పిల్లలెట్లున్నయిరా?” అని కృపమ్మ అడిగింది. గొంతు మామూలుగానే ఉంది. నిజం చెప్పడానికి అతనికి చోటు వదిలి అడిగిన ప్రశ్న అది.

“మంచిగున్నయక్కా. బోడిమెడలేసుకోని ఉరుకుతాంటయి. అచ్చం అవ్వ కోళ్లే. జర గట్టిపడ్డంక తెస్త.”

గుడ్లు తిన్నారన్న బాధను ఆమె బస్సులోనే దిగమింగుకుంది. పుట్టనే పుట్టని పిల్లలకు వాడు మెడలు కూడా పెట్టడం మాత్రం ఆమెకు మింగుడుపడలేదు.

సుందర్ రావు పిల్లల కోసం వంగగానే పెట్ట మీదికి ఎగిరి మణికట్టు మీద పొడిచింది. “అక్కా, కోడిని గంప కింద కమ్మవా? పొడుస్తాంది.”

కృపమ్మ గడప మీదే కూర్చుంది. “అది తల్లిరా. పిల్లలు నీయని దానికెవ్వరు చెప్పలే.”

చేతులు గీరుకుపోతుండగా అతడు ఒక్కొక్క పిల్లనూ పట్టుకున్నాడు. చివరిదాన్ని బుట్టలో వేసి మూత పెట్టబోతుంటే, కృపమ్మ లేచి కొంగుముడి విప్పి, ఆ నల్లపిల్లల నడుమ తెల్లటి పెంకును ఉంచింది.

“ఇది గూడ కొంచపో. అవ్వది.”

సిలువ పైకి కనిపిస్తోంది. ఆ గీతను చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు సుందర్ రావు. “అక్కా…” అన్నాడు.

కృపమ్మ గేటు తీసి పట్టుకుంది. అతడు బయటికి నడిచాడు. బుట్టలోని అరుపుల వెంట పెట్ట రోడ్డు మీదికి పరుగెత్తబోయింది. ఆమె గేటు వేసి, గంప తెచ్చి, అప్పుడు కోడిని కమ్మింది.