బొల్లికి వేసిన మాత్ర

బొల్లి ముందు నడిస్తేనే గురవయ్య మంద కదిలేది. అలాంటి గొర్రె నూజెండ్ల దగ్గర రాళ్ల గట్టు దిగుతూ కాలు మడతేసుకుంది. కాలు వాచి, చేలో కూలబడింది.

పశువుల డాక్టరు సాల్మన్ రాజు వచ్చి, ఎముక విరగలేదన్నాడు. నొప్పికి మాత్ర మింగించి వెళ్లాడు. ఎప్పటికి పనిచేస్తుందో ఆయన చెప్పలేదు, ఈయన అడగలేదు. అడగడమెందుకు? తన మోకాలికి మాత్ర వేసుకుంటే టీ తాగి లేచేసరికి హాయిగా ఉంటుంది గురవయ్యకు. గొర్రె పొట్టా తన పొట్టలాంటిదే అనుకున్నాడు మహానుభావుడు.

సాయంత్రం దాకా మాటిమాటికీ లేపి చూశాడు. లేవలేదు. తెల్లారి మందను పక్క ఊరికి తోలాలి. ఎరువు కోసం తన చేలో రాత్రికి మంద నిలపమన్న రైతుకు మాటిచ్చేశాడు. కుంటిదాన్ని మోసేదెవరు? చీకటి పడకముందే మాంసం కొట్టు జహంగీర్‌ని పిలిచి, బొల్లిని ఆటో ఎక్కించాడు. ఎక్కిస్తూ దాని మొహం మాత్రం చూడలేదు.

పొద్దున మందను లేపుతుంటే జహంగీర్ బండి మీద వచ్చాడు.

"ఏంది మామా, లేవదన్నావు? ఇందాక తాడు విప్పితే నాకంటే ముందు అదే నడిచింది, కోసే చోటికి."

"కోసేశావా?"

"ఆదివారం గదా మామా."

గురవయ్య గట్టు మీద కూర్చుండిపోయాడు. అంతలో డాక్టరు ఫోను.

"లేచిందా గురవయ్యా?"

"లేచిందండీ."

"లేస్తుందిలే. నిన్న చెప్పడం మరిచా. నెమరేసే జీవం గదా, మాత్ర దాని పెద్ద పొట్టలో మేతతో కలిసి, మెల్లగా రక్తంలోకి ఎక్కుతుంది. నీకూ నాకూ పనిచేసినంత తొందరగా చెయ్యదు. ఇంకోమాట, ఆ మందు ఒంట్లోంచి పోయేదాకా కోతకు అమ్మమాక."

"అట్నేనండీ" అన్నాడు గురవయ్య. నిజం చెప్పడానికి సిగ్గేసింది.

ఫోను పెట్టేసి జహంగీర్‌కి మాత్రం చెప్పాడు. "ఆ మాంసం అమ్మబాకరా. మందు మింగిన గొర్రె అది. నీ డబ్బు నీకిచ్చేస్తా."

జహంగీర్ మొహంలో నవ్వు పోయింది. "ముందే చెప్పొద్దా మామా" అంటూ బండి తిప్పుకుని కొట్టుకు పరిగెత్తాడు. పాతిపెట్టడానికి తప్ప బొల్లి ఇక దేనికీ పనికిరాదు. ఊరికే చంపించాడు గురవయ్య.

ఎండ ఎక్కుతుండగా ఇంటినుంచి అన్నం క్యారేజీ తీసుకుని భార్య అలివేలమ్మ వచ్చింది. తల్లి చచ్చిన బొల్లిని సీసాపాలు పట్టి పెంచింది ఆవిడే. కాలు నొప్పి సంగతి ఫోన్లో విన్నది, అమ్మిన సంగతి వినలేదు. మందంతా వెతికింది.

"బొల్లేదయ్యా?"

గురవయ్య తలెత్తలేదు. "కోతకిచ్చా."

అలివేలమ్మ క్యారేజీ కింద పెట్టి, అక్కడే కూర్చుంది.

"డాక్టరిచ్చిన మందు పనిచేయలేదా?"

చేయలేదంటే ఆవిడ నమ్మేది. డాక్టరును నాలుగు తిట్టి, మొగుడికి అన్నం పెట్టేది.

"చేసిందే" అన్నాడు గురవయ్య. "నేనే ఆగలా."