కుంపటి మేష్టారు మానేసిన కోపం

విభూది బుధవారం ప్రార్థన అవగానే స్కూలంతా నుదుటి మీద బూడిద శిలువతో చర్చి వెనక గది ముందు వరసలో నిలబడింది. ఏటా ఉండే తంతే. తపస్కాలం నలభై రోజులూ ఎవరు ఏం మానేస్తున్నారో అది తెచ్చి సిస్టర్‌కి అప్పగించాలి. ఆవిడ చీటీ అంటించి బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. ఈస్టర్ నాడు ఎవరిది వాళ్ళకి తిరిగిచ్చేస్తుంది. వంటావిడ తన టీ యావని గ్లాసులో వేసి, మూతపెట్టి తెచ్చింది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి చాడీలు చెప్పే బుద్ధిని రుమాల్లో మూటగట్టి తెచ్చింది. మూట ఒకచోట నిలవకుండా మెదులుతోంది.

"గట్టిగా కట్టు తల్లీ, పోయినేడు ఇలాగే జారిపోయి అందరి చీటీలూ చదివేసింది" అంది సిస్టర్.

తర్వాత లెక్కల మేష్టారి వంతు. పిల్లలు ఆయన్ని చాటుగా కుంపటి అంటారు. ఆయన పదో తరగతిలో అరిస్తే వీధి చివర సైకిలు మీద పోయేవాడు కాలు కింద పెట్టేస్తాడు.

"ఈసారీ పంచదారేనా మేష్టారూ? దాన్ని మీ డాక్టరు ఆరేళ్ళ కిందటే మాన్పించాడటగా!" అంది సిస్టర్.

వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు. మేష్టారికి తల కొట్టేసినట్టయింది. పౌరుషానికి పోయి, రెండు దగ్గులు దగ్గి, లోపలున్న కోపాన్నంతా తీసి టిఫిను డబ్బాలో వేసేశాడు. డబ్బా అందుకోబోయిన సిస్టర్ చెయ్యి చురుక్కుమంది. మసిగుడ్డతో పట్టుకుని పై అరలో పెట్టింది.

ఆ రోజు నుంచి మేష్టారు వెన్నముద్ద. హోంవర్కు చెయ్యనివాణ్ణి "పోనీలే నాన్నా, రేపు చేద్దువుగాని" అనేవాడు. ఇంట్లో భార్య మొదటి రోజు మురిసిపోయింది. నాలుగో రోజు ఒంట్లో బాగుందా అని నుదురు పట్టుకు చూసింది. ఆయనకి మాత్రం లోలోపల గర్వమే. పంచదార మానేసేవాళ్ళెక్కడ, తనెక్కడ!

పబ్లిక్ పరీక్షలు పన్నెండు రోజులున్నాయనగా పదో తరగతి ఎడమచేతి వాటం పిల్ల ఒకతి ఆయన గదికి వచ్చింది. మేష్టారు బోర్డు మీద లెక్క పూర్తిగా రాసేలోపే ఎడమచేత్తో జవాబు రాసి పెట్టుకునే పిల్ల. తండ్రి లేడు. తల్లీ కూతుళ్ళు మేనమామ ఇంట్లో ఉంటున్నారు.

"స్కూలు మానేస్తున్నా సార్. ఈ కాగితం మీద క్లాసు టీచరుగా మీ సంతకం కావాలి."

"ఏమైందమ్మా?"

"మామయ్య దర్జీ కొట్లో పని ఎక్కువైపోయిందట. రమ్మంటున్నాడు."

రెండేళ్ళ కిందట ఇలాంటి కాగితమే ఒక తండ్రి తెస్తే, మేష్టారు దాన్ని నాలుగు ముక్కలు చేసి, "నీ కూతురు తప్పితే నన్నడుగు, పరీక్షే రాయనివ్వకపోతే నిన్ను నేనడుగుతా" అంటూ ఆయన్ని గేటు దాకా తరిమాడు. ఆ అమ్మాయి ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. ఈ కథ స్కూల్లో అందరికీ కంఠతా వచ్చు.

ఇప్పుడు మేష్టారు లోపల ఎంత వెతుక్కున్నా చేతికి ఏమీ తగల్లేదు. బాధ ఉంది. కానీ దానికి అరవడం చేతకాదు.

"మీ ఇంటి సంగతి నాకు తెలియదా తల్లీ. ఎక్కడున్నా చల్లగా ఉండు" అని సంతకం చేసిచ్చాడు.

"పెట్టేశారా సార్?" అందా పిల్ల.

"పెట్టానమ్మా."

ఇంకాసేపు అక్కడే నిలబడింది. ఒకసారి తలుపు వైపు చూసింది. తర్వాత కాగితం మడుచుకుని వెళ్ళిపోయింది.

ఈస్టర్ నాడు సిస్టర్ డబ్బా తిరిగిచ్చింది. మూత తీశాడో లేదో, మొదటి సెగకే ఆయనకి ఆ కాగితం గుర్తొచ్చింది. ఇంటికి కూడా పోకుండా దర్జీ కొట్టుకి పరుగెత్తాడు. పండగ పూట కూడా కొట్టు తెరిచే ఉంది. ఇరుకు గదిలో పీలికల మధ్య కూర్చుని ఆ పిల్ల ఒక్కతే కాజాలు కుడుతోంది.

"బుద్ధుందా నీకు? నూటికి నూరు తెచ్చుకునే బుర్ర పెట్టుకుని కాజాలు కుడతావా? పరీక్షలు కూడా అయిపోయాయి! మీ మామయ్యకి లేకపోతే నీకుండొద్దూ? అసలు సంతకం పెట్టిన వెధవెవడు?"

ఆ మాట అనేసి మేష్టారు తన కుడిచేతి వంక చూసుకున్నాడు.

ఆ పిల్ల సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టింది. "ఆ రోజు మామయ్య తలుపు బయటే నిలబడ్డాడు సార్. మీరంటే ఆయనకి హడల్. మీరు నాలుగు తిట్టి ఉంటే నోరెత్తకుండా వెళ్ళిపోయేవాడు."

"వచ్చే ఏడు రాద్దువుగాని. నేను మీ అమ్మతో మాట్లాడతా."

"అన్నాళ్ళూ నన్ను మాన్పించడానికి అమ్మే ఒప్పుకోలేదు సార్. మేష్టారంతటాయనే సరేనన్నాక ఇంకేం చదువు అని ఆవిడా ఊరుకుంది."

"నా కోపం బీరువాలో ఉందని నీకు తెలుసు కదమ్మా!"

"తెలుసు సార్. నా కోసం కొంచెమైనా మిగిలి ఉంటుందనుకున్నా."

మేష్టారు స్టూలు మీద కూలబడ్డాడు. వీధిలో మామయ్య చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది.

"ఆయన్నేం అనకండి సార్" అంది పిల్ల, గొంతు తగ్గించి. "నాకింక ఇక్కడే కదా."

మేష్టారు నోటిదాకా వచ్చిన కోపాన్ని గుటకేసి మింగాడు. అది గొంతంతా కాల్చుకుంటూ లోపలికి దిగింది.