చెవి మేస్త్రీ దించిన ఇంజను

మరదలు కారును గ్యారేజీలో నిలబెట్టి, ఇంజను ఆపకుండా దిగింది.

రెండే సీట్ల స్పోర్ట్స్ కారు. ముక్కు పొడుగు, నడుము పొట్టి, నేలకు జానెడు ఎత్తు. ముప్పై ఏళ్ళ నాటిది. ఎర్ర రంగు ఎండకు వెలిసి ఇటుక రంగుకు దిగింది. పాతికేళ్ళు డ్రైవింగ్ స్కూలు నడిపి, పక్క సీట్లో కూర్చుని పరాయివాళ్ళ తప్పులకు బ్రేకులు తొక్కీ తొక్కీ విసిగిపోయి, తనకంటూ ఆవిడ కొనుక్కున్న విలాసం అదొక్కటే.

"నాకైతే బానే ఉంది బావా. అయినా నీ చెవిన వేస్తే నాకు ధైర్యం," అంది.

ఆయన సంచిలోంచి మూరెడు స్క్రూడ్రైవరు తీశాడు. దాని కర్రపిడి చెమటకు నల్లబడి నిగనిగలాడుతోంది. మొనను ఇంజను మీద ఆనించి, పిడిని కుడిచెవికి ఒత్తుకుని కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు గొట్టం పెట్టి గుండె వినడం ఎలాగో ఇదీ అలాగే. నలభై ఏళ్ళు బస్సుల షెడ్డులో ఆయన ఈ పనే చేశాడు. జనం ఆయన పేరు ఎప్పుడో మర్చిపోయారు. చెవి మేస్త్రీ అంటేనే గుర్తుపడతారు. రిటైరై ఆరేళ్ళయినా ప్రతి గురువారం షెడ్డు నుంచి మనిషి వస్తాడు. అనుమానం ఉన్న బస్సులను వరసగా నిలబెడతారు. ఈయన విని ఫలానా చోట విప్పండి అంటాడు. మారుమాట లేకుండా విప్పుతారు. భార్య పోయిన నాలుగేళ్ళ నుంచీ ఆయనకు వారంలో మిగిలింది ఆ గురువారమే. తక్కిన ఆరు రోజులూ దానికోసం కాచుకుని కూర్చోవడమే.

"కొడుతోంది," అన్నాడు. "టక్, టక్, టక్. లోపలెక్కడో. రెండో బేరింగు."

"అయ్యో, ఖాయమా?"

"నేను విన్నది ఎప్పుడు ఖాయం కాలేదు? ఏదీ, పెడల్ తొక్కు."

ఆవిడ తొక్కింది. ఇంజను గొంతు పెంచి గోడలు అదిరేలా అరిచింది. లోపలి చప్పుడు మాత్రం పెరగలేదు. పెళ్ళినడకలా అదే నింపాది. మేస్త్రీ నొసలు ముడిపడింది. బేరింగు వదులైతే ఇంజను పరుగెత్తే కొద్దీ చప్పుడూ పరుగెత్తాలి. ఈ విద్యలో ఓనమాలు అవి.

"విడ్డూరంగా ఉందే," అన్నాడు.

"ఏంటది?"

"వేగం పెంచినా దాని నడక మారటం లేదు."

"అయితే బేరింగు కాదేమో బావా."

"బేరింగే. ఇలాంటి బేరింగు నేనింతవరకూ చూళ్ళేదంతే. చూడాలి. ఇంజను దించుదాం."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నది ఆయన చిన్ననాటి నుంచీ వదలని గుణం. కానీ చూడాలన్న ఆత్రం మాత్రం నిజం. ఆ రాత్రి చాలా ఏళ్ళ తర్వాత ఆయనకు పడుకోగానే నిద్ర పట్టలేదు. ఎలాంటి బేరింగు అలా కొడుతుంది?

శనివారం పొద్దున్నే పని మొదలుపెట్టారు. బానెట్ ఊడదీసే ముందు కీళ్ళ చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. మళ్ళీ అదే గీతలో కూర్చోబెడితే సందు వంకర పోదు. బ్యాటరీ తీశారు. నీళ్ళు వదిలి రేడియేటరు తీశారు. నూనె వదిలారు. మరదలు ప్రతి తీగకూ కాగితం టేపు చుట్టి అంకె వేసింది. ఆయన తన పద్ధతిలో ఒక అట్టముక్క మీద ఇంజను బొమ్మ గీసి, ఎక్కడి బోల్టును బొమ్మలో అక్కడే చిల్లి పొడిచి గుచ్చాడు.

"ఫోనులో ఫొటో తీస్తే సరిపోదూ?" అంది మరదలు.

"ఫొటో బోల్టును పట్టుకుంటుందా?"

చైన్‌బ్లాకును పక్కింటి వెల్డరు తెచ్చాడు. ఇంజను ఎత్తడానికి ఇనప కాళ్ళ మీద నిలిచే ఆ గొలుసు యంత్రం అతను స్వయంగా అతికించుకున్నది. ఇచ్చి పోతాడనుకుంటే ఇంట్లోంచి తన స్టూలు కూడా తెచ్చుకుని కూర్చున్నాడు. కందకు లేని దురద కత్తిపీటకు ఉంటుంది, ఏం చేస్తాం.

"మేస్త్రీగారూ, నిన్న నేనూ విన్నాను. మెత్తగా ఉందండీ బండి. కదా మేడంగారూ?"

"వెల్డింగు చేసే చెవికి పిడుగు పడ్డా మెత్తగానే ఉంటుంది," అన్నాడు మేస్త్రీ.

వెల్డరు నవ్వాడు.

ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య పై బోల్టు ఒకటి మొండికేసింది. మేస్త్రీ మోచేయి ఆ సందులో దూరలేదు. మరదలు గాజు తీసి పక్కన పెట్టి, పానాను తడుముకుంటూ పెట్టి, ఒక కాలు బంపరుకు తన్ని లాగింది. కిర్రుమంది. ఆవిడ వెల్లకిలా పడింది.

"వచ్చిందా, విరిగిందా?" అన్నాడు ఆయన.

"నేను విరిగానా అని అడగవేం?"

"నిన్ను అట్టకు గుచ్చక్కర్లేదుగా."

గేర్‌బాక్సు కింద జాకీ పెట్టారు. ఇంజనుకు గొలుసు తగిలించారు. వెల్డరు పిడి తిప్పుతుంటే ఇంజను అంగుళం, అంగుళం లేచింది. మేస్త్రీ రెండు చేతులతో దాని ముక్కును పైకి వంచి, తోకను రేడియేటరు ఖాళీలోంచి నెమ్మదిగా బయటికి నడిపించాడు. ఒకచోట గోకబోయింది. "ఆగు," అన్నాడు. ఆగింది. ఇంకాస్త వంచాడు. వచ్చేసింది. గాలిలో వేలాడుతూ ఒక్క చుక్క నూనె రాల్చింది. వెల్డరు పన్ను పీకించుకున్నవాడిలా దవడ పట్టుకుని, ఖాళీ అయిన గుంతలోకి తొంగిచూశాడు.

ఇంజనును స్టాండుకు బిగించి బోర్లా తిప్పారు. అడుగున నూనె నిలిచే రేకుతొట్టిని విప్పారు. మేస్త్రీ రెండో బేరింగు మూత రెండు బోల్టులూ వదిలించి, మూతను బొటనవేలితో అటూ ఇటూ కదిపి ఊడదీశాడు. లోపలి రేకును గుడ్డతో తుడిచి కిటికీ దగ్గరకు తీసుకెళ్ళాడు. అరిగితే మెరవాలి. ఇంకా అరిగితే లోపలి రాగి కనబడాలి.

అది మబ్బురంగులో, నున్నగా, నిండుగా ఉంది. ఒక్క గీత లేదు.

"ఏమైంది బావా?"

"మూడోది అయ్యుంటుంది."

మూడోది విప్పాడు. మొదటిది విప్పాడు. నాలుగోది విప్పాడు. ఒకదాన్ని మించి ఒకటి బాగున్నాయి. చివరికి ఇంజను వెన్నెముకలా ఉండే ఇరుసును పట్టి ఊపాడు. అది కదల్లేదు.

"కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాను," అన్నాడు వెల్డరు. "ఎలుక కూడా లేదేంటండీ?"

"నువ్వు ఇంటికి పో."

ఆ గొంతులో ఏముందో, వెల్డరు స్టూలు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

మూతలు నాలుగూ మళ్ళీ బిగించి, ఇంజనును నిటారుగా తిప్పాడు మేస్త్రీ. చప్పుడు ఉంది. తాను విన్నాడు. ఉన్నది ఎక్కడికి పోతుంది? ఆలోచన తెగక చేతికి అలవాటైన పని చేశాడు. స్క్రూడ్రైవరు తీసి ఇంజను మీద ఆనించాడు. పిడి చెవికి ఒత్తుకున్నాడు.

మరదలు పకపకా నవ్వింది. "ఏంటి బావా, ఆగిపోయిన ఇంజనుకు నాడి చూస్తున్నావా?"

ఆయన నవ్వలేదు. కదల్లేదు.

టక్. టక్. టక్.

తీగ లేదు, నూనె లేదు, నిప్పు లేదు. నాలుగు బోల్టుల మీద స్టాండుకు వేలాడుతున్న చచ్చిన ఇనుము. లోపల నింపాదిగా కొడుతోంది. ఆయన మొన తీసి పనిబల్ల మీద ఆనించాడు. బల్లలోనూ కొట్టింది. గోడకు ఆనించాడు. గోడకూ రెండో బేరింగే. అప్పుడు ఎడమచేతి మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి చూసుకున్నాడు. వేళ్ళ కిందా చెవిలోనూ ఒకే నడక.

స్క్రూడ్రైవరును బల్ల మీద పెట్టాడు. స్టూలు మీద కూర్చున్నాడు.

ఆ స్క్రూడ్రైవరు ఆయనది కాదు. ఆయనకు పని నేర్పిన పెద్ద మేస్త్రీది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఆ పెద్దాయన ఒక బస్సు విని ఏమీ లేదన్నాడు. దాని ఇంజను దారిలో పగిలింది. ఈయనే పైఅధికారుల ముందు లేచి నిలబడ్డాడు. చెవి పోయినవాడు బండి ముందు నిలబడకూడదు అన్నాడు. పెద్దాయన స్క్రూడ్రైవరును ఇంజను మీద వదిలేసి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అలా అనడం తప్పని మేస్త్రీకి ఏనాడూ తోచలేదు. ఇప్పుడూ తోచలేదు. బస్సులో అరవైమంది కూర్చుంటారు.

"బావా, మాట్లాడు. భయమేస్తోంది."

"బండిలో ఏం లేదు. చప్పుడు నాలో ఉంది."

ఆవిడకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. స్క్రూడ్రైవరు తీసుకుని తనూ ఇంజనుకు ఆనించి వింది. బల్లకు ఆనించి వింది. తల అడ్డంగా ఊపింది.

"టీవీ సౌండు పెంచేస్తున్నావని అక్క పోరుపెట్టేది గుర్తుందా? నువ్వేమన్నావు? చెవి నీదా నాదా అన్నావు."

"గుర్తుంది."

"సోమవారం చెవి డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేనే తీసుకెళ్తా."

"వెళ్దాం. ముందు ఫోనివ్వు."

షెడ్డు ఇన్‌ఛార్జికి ఫోను చేశాడు. ఒకప్పుడు ఈయన కిందే పని నేర్చుకున్నవాడు.

"చెప్పండి గురువుగారూ."

"పోయిన నెల మూడు బస్సులకు రెండో బేరింగు అన్నాను. విప్పారా?"

"మూడూ విప్పామండీ. మార్చేశాం."

"ఎలా ఉన్నాయి పాతవి?"

"బానే కనబడ్డాయండీ. మీరు చెప్పారు కదా అని మార్చేశాం."

"బాగున్నాయని నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీతో ఎవరు చెప్తారండీ?"

మేస్త్రీ గోడకేసి చూశాడు. ఆ మాట ఆయన చెవికి మాత్రం చక్కగా వినబడింది.

"వాటి అసలు రోగం వేరే ఉంది. మళ్ళీ మొదట్నించీ వెతకండి. అప్పటిదాకా మూడింటినీ దారెక్కించొద్దు. నా చెవి పోయింది. గురువారం మనిషిని పంపకు."

"గురువుగారూ, అలా కాదండీ..."

"ఎలాగూ కాదు," అని ఫోను పెట్టేశాడు.

మరదలు టీ తెచ్చింది. ఇద్దరూ ఇంజనుకు చెరోవైపు కూర్చుని తాగారు. ఊరకే విప్పించానని ఆయన క్షమాపణ అడగలేదు, ఆవిడ ఎదురుచూడలేదు.

"దించాం కాబట్టి," అన్నాడు కాసేపటికి, "వెనక సీలు మార్చేద్దాం. చెమ్మ కనబడుతోంది. క్లచ్ పళ్ళెం ఇంకో ఏడాది కూడా రాదు. వాల్వుల సందులు చూడాలి."

"చెవి లేకుండానా?"

"సందుకు రేకు పెట్టి కొలుస్తారు. చెవి పెట్టి కాదు."

సోమవారం డాక్టరు దగ్గర గడిచిన పూట తప్ప, వారం రోజులూ చేశారు. కడిగారు, గీకారు, సీళ్ళు మార్చారు. గురువారం పొద్దున వీధిలో బండి ఆగినప్పుడల్లా ఆయన తల గుమ్మం వైపు తిరిగింది. ఆవిడ చూసింది, చూడనట్టే పానాలు తుడిచింది. శనివారం వెల్డరు మళ్ళీ వచ్చి, స్టూలు తనదేనని గుర్తుచేసి, దాని మీదే కూర్చుని గొలుసు తిప్పాడు. ఇంజను దాని గుంతలో కూర్చుంది. అట్ట మీది బోల్టులన్నీ వాటి ఇళ్ళకు చేరాయి. ఒక్కటీ మిగల్లేదు.

మరదలు తాళం తిప్పింది. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది.

మేస్త్రీ చేయి సంచి వైపు వెళ్ళి వెనక్కి వచ్చింది. స్క్రూడ్రైవరు తీసి ఆవిడకు అందించాడు.

"నేనా?"

"నాలుగు చోట్లా పెట్టు. విన్నది విన్నట్టు చెప్పు. సొంత కవిత్వం వద్దు."

ఆవిడ పిడి చెవికి పెట్టకముందే అంది, "ఈల వేస్తోంది బావా. సన్నగా. నీకు వినబడటం లేదూ?"

ఆయనకు ఈల లేదు. లేని టక్కు విన్న చెవి, ఉన్న ఈలను వినలేదు. జేబులోంచి బస్సు టికెట్టు తీసి పీలికగా చింపాడు. ఆ పీలికను గొట్టాల వెంబడి మెల్లగా నడిపించాడు. ఒక అతుకు దగ్గర కాగితం గభాలున గొట్టానికి అతుక్కుంది. గాలి అక్కడ లోపలికి పీల్చుకుంటోంది. పట్టీని రెండు చుట్లు బిగించాడు.

"ఆగిపోయింది!" అని అరిచింది మరదలు. "ఎలా పట్టావు బావా?"

"కళ్ళున్నాయిగా ఇంకా. ఇప్పుడు విను."

ఆవిడ కళ్ళు మూసుకుని, నాలుక బయటపెట్టి, చాలాసేపు వింది.

"కుట్టుమిషనులా ఉంది."

"ఏ కుట్టుమిషను? తొక్కేదా, కరెంటుదా?"

"తొక్కేదే."

"ఎవరు తొక్కుతున్నట్టుంది?"

ఆవిడ ఇంకాసేపు వింది. మొహం మెత్తబడింది. "అక్క తొక్కినట్టుంది బావా."

మేస్త్రీ చేయి చాచి తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

"మీ అక్క తొక్కుడు ఏనాడూ సమంగా లేదు," అన్నాడు. "నాలుగు అడుగులు పరుగు, ఒక అడుగు ఆలోచన. వాల్వు ఒకటి సందు తప్పింది. ఆ కొలిచే రేకులు ఇలా ఇవ్వు."