ఉల్లిపాయ కొనని ఇల్లు

రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ మస్తాన్‌రావుకు ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒక నమ్మకం గట్టిపడిపోయింది. కాగితం మీద లేనిది లోకంలో లేదు. మనిషి ఎదురుగా నిలబడి ‘నేను బతికే ఉన్నాను మొర్రో’ అన్నా, రికార్డు ఒప్పుకుంటేనే ఆయన ఒప్పుకునేది. అలాంటి మనిషి బల్ల మీదికి ఆ సోమవారం పొద్దున ఒక దరఖాస్తు వచ్చిపడింది.

నరసరావుపేట బజారులో స్టీలు సామాను కొట్టు నడిపే మహేంద్ర కుమార్, తన కూతురు ఖ్యాతికి జైన మైనారిటీ సర్టిఫికెట్ కావాలని పెట్టుకున్నాడు. చెన్నైలో జైన సంఘం వాళ్లు నడిపే కాలేజీలో ఆ పిల్లకు సీటొచ్చింది. బుధవారంలోగా సర్టిఫికెట్ అందకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

మస్తాన్‌రావు కాగితాలు తిరగేశాడు. గుంటూరు జైన సంఘం ఇచ్చిన లెటరు ఉంది. అలాంటి లెటర్లు ఎవరైనా తెచ్చుకోవచ్చని దాన్ని పక్కన పెట్టాడు. మహేంద్ర చిన్నప్పటి టీసీలో మతం దగ్గర ‘హిందూ’ అని ఉంది. ఆయన వేలు అక్కడ ఆగిపోయింది. ఫైలు పట్టుకుని తహసీల్దారు భార్గవి గదిలోకి వెళ్లాడు.

“వీళ్లకి మైనారిటీ ఏంది మేడమ్? టీసీలో హిందూ అని శుభ్రంగా రాసుంటే. పైగా బజారులో ఇంత కొట్టు ఉంది.”

“కొట్టెంతో ఎవరూ అడగలేదండీ. జైనులు మైనారిటీ అని కేంద్రం రెండు వేల పద్నాలుగులోనే గుర్తించింది. వీళ్లు జైనులా కాదా అన్నదొక్కటే మీరు తేల్చాల్సింది. ఈ రోజే విచారణ చేసి రిపోర్టివ్వండి” అంది భార్గవి.

ఆమెది ఆయన కూతురి వయసు. మస్తాన్‌రావు మనసులో నాలుగు మాటలు అనుకుని, బయటికి ఒక్కటీ అనకుండా బండి తీశాడు.

కొట్టు మీద మేడే వాళ్ల ఇల్లు. హాల్లో చాప మీద మహేంద్ర తల్లి సుందర్‌బాయి కూర్చుని ఉంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ముఖం వాడిపోయింది గానీ కళ్లు చురుగ్గా ఉన్నాయి. వాళ్ల పర్యూషణ పండగలట, ఎనిమిది రోజుల ఉపవాసంలో అది ఆరో రోజు. అన్నం లేదు, పండు లేదు, పాలు లేవు. కాచి చల్లార్చిన నీళ్లు మాత్రం తాగుతుంది. అదీ పొద్దున్నుంచి సూర్యుడు కుంకేలోపే. చీకటి పడితే చుక్క ముట్టదు.

“బళ్లో పేర్లు రాసేటప్పుడు అయ్యవారు పైన ఒక్కడికి హిందూ అని రాసి, కింద అందరికీ అదేనని గుర్తులు పెట్టుకుంటా పోయాడండీ. మా నాన్నకి తెలుగు చదవడం రాదు” అన్నాడు మహేంద్ర.

మస్తాన్‌రావు తల ఊపాడు. నమ్మాడని కాదు, విన్నాడని. పెన్ను తీసి అసలు ప్రశ్న వేశాడు.

“కోటప్పకొండ తిరునాళ్లకి పోతారా?”

“అబ్బే, లేదండీ” అన్నాడు మహేంద్ర ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు.

“ఎందుకురా అబద్ధం?” అంది సుందర్‌బాయి. రాజస్థాన్‌లో పుట్టిన మనిషే గానీ పదిహేడో ఏట పెళ్లయి ఇక్కడికొచ్చింది. తెలుగంతా ఈ బజారులోనే నేర్చుకుంది. “పోతాం సారూ. నలభై ఏళ్లుగా ఏటా శివరాత్రికి కొండ కింద మజ్జిగ పోస్తాం. ప్రభ కట్టడానికి చందా ఇస్తాం. మోకాళ్లు బాగున్న రోజుల్లో పైకి కూడా ఎక్కా.”

మహేంద్ర నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. లోపలి గది గుమ్మంలో నిలబడి వింటున్న ఖ్యాతి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఒక్క అబద్ధానికి దక్కే సీటు ఒక్క నిజానికి చేజారిపోతోందని ఆ గదిలో అందరికీ తెలుసు, ముసలావిడతో సహా.

“మరి ఇట్టయితే నేనేం రాయాలమ్మా?”

“చేసింది రాయండి. పక్కింట్లో పెళ్లయితే పోయి పందిట్లో వడ్డిస్తాం గదా. అంతమాత్రాన మన ఇంటి పేరు మారుద్దా?”

మాట బాగానే ఉంది. అలాంటి మాటలు రాసుకోవడానికి మస్తాన్‌రావు ఫారంలో గడి లేదు. ఇరుగుపొరుగు సాక్ష్యం తీసుకుంటే తన పని అయిపోతుందని కిందికి దిగాడు. సందు మొదట్లో కూరగాయల బండి దగ్గర పార్వతమ్మ ఉంది. ముప్పై ఏళ్లుగా ఆ మలుపులో పాతుకుపోయిన మనిషి.

“ఆ మేడ మీదోళ్లు జైనులేనా?”

“జైనులంటే ఏందో నాకు తెలవదు సారూ. నాకు తెలిసింది చెప్తా, రాసుకో. ఆ సుందరమ్మ ముప్పై ఏళ్లుగా నా బండి కాడికొస్తది. ఇంతవరకు ఒక్క ఉల్లిపాయ కొనలా.”

మస్తాన్‌రావు పెన్ను ఆగింది. “ఉల్లిపాయ కొనలా?”

“ఉల్లిపాయ లేదు, ఎల్లిపాయ లేదు, బంగాళదుంప లేదు, ముల్లంగి లేదు. మట్టిలో ఊరేది ఏదీ ముట్టదు. వేరుతో పీకితే చెట్టు చస్తది, దాన్ని పట్టుకున్న పురుగూ చస్తది అంటది. వానాకాలం నాలుగు నెలలు ఆకుకూర వంక చూడదు, ఆకుల్లో పురుగులుంటయ్యంట. ఇదిగో ఈ ఎనిమిది రోజులూ అయితే ఆ ఇంటోళ్లెవరూ నా బండి కాడికే రారు. పచ్చిదేదీ కోయరు.”

“నీకు బేరం పోతందిగా మరి?”

“పోతే పోయింది. ఒకసారి లారీ తగిలి నా బండి బోల్తా పడింది. మూట ఉల్లిపాయలు రోడ్డంతా దొర్లినయ్. అందరూ చూస్తా నిలబడ్డారు. ఆమె మేడ దిగొచ్చి, కొంగు పట్టి, ఒక్కొక్కటే ఏరి నా గోతంలో పోసింది. నాలుగు తీసుకుపో సుందరమ్మా అన్నా ఏదో ఊపులో. నవ్వి చేతులు కడుక్కుని ఎళ్లిపోయింది. ముట్టనిది నా కోసం ముట్టింది సారూ. ఎవురికుంటది అట్టాంటి బుద్ధి?”

మస్తాన్‌రావు పార్వతమ్మ చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాడు. ఫలానా ఆస్తి ఉంది, ఫలానా చోట ఉంటున్నారు అనే సాక్ష్యాలు ఆయన వేలకు వేలు రాశాడు. ముప్పై ఏళ్లుగా ఏం కొనలేదో రాయడం ఇదే మొదలు. టీసీలో అయ్యవారు ఒక్క పూటలో పెట్టుకుపోయిన గుర్తులకంటే ఈ బండి రికార్డు గట్టిదని ఆయనకే అనిపించింది. ఆ అనిపించడం ఆయనకు కాస్త చిరాకు కూడా తెప్పించింది. కాగితం మీద పార్వతమ్మ వేలిముద్ర తీసుకున్నాడు.

మేడ కిందే నిలబడి మహేంద్రను పిలిచాడు. “ఇంటి పెద్ద మీ అమ్మే కాబట్టి వాంగ్మూలం మీద ఆమె సంతకం కావాలి. టైపు చేయించి ఉంచుతా. నాలుగింటికి ఆఫీసుకి పంపు.”

నాలుగింటికి సుందర్‌బాయి మనవరాలి చెయ్యి పట్టుకుని ఆఫీసు మెట్లెక్కింది. మస్తాన్‌రావు లేడు. మీటింగుకు వెళ్లాడు. మీటింగు అయిదింటికే అయిపోయింది గానీ, దారిలో పాత స్నేహితుడు కనిపించాడు. ఇద్దరూ టీ కొట్టు దగ్గర కూర్చుని రిటైరయ్యాక ఎక్కడ స్థలం కొనాలో మాట్లాడుకున్నారు. ఆఫీసులో పని ఉందన్న సంగతి గుర్తొచ్చేసరికి వీధిలైట్లు వెలిగాయి.

వచ్చి చూస్తే వరండా బల్ల మీద సుందర్‌బాయి నిటారుగా కూర్చుని ఉంది. పెదవులు ఎండి పగిలాయి.

“అయ్యో, ఇంకా ఉన్నారా? ఒరేయ్ షబ్బీర్, అమ్మకి మంచినీళ్లు ఇయ్యరా” అని అటెండరును కేకేశాడు.

“వద్దు బాబూ, పొద్దు కుంకింది. ఇంక రేపు పొద్దున్నే” అంది సుందర్‌బాయి.

“అరగంటలో ఇంటికెళ్లి తాగొచ్చులే అని నీళ్లు తెచ్చుకోలేదండీ. అయిదింటికి ఒకసారి, ఆరింటికి ఒకసారి వెళ్దాం పద నానమ్మా అన్నా. సారు నాలుగింటికి రమ్మన్నారు, మనం లేనప్పుడు వస్తే సంతకం ఆగిపోద్ది అని కదల్లేదు” అంది ఖ్యాతి.

మస్తాన్‌రావు అప్పటికి మూడు టీలు తాగి వచ్చాడు. టైపు చేసిన వాంగ్మూలం ఆమె ముందు పెట్టాడు. ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుని తెలుగులో సంతకం చేసింది. ఆయన ఆ రాత్రే రిపోర్టు రాశాడు. కోటప్పకొండ మజ్జిగ రాశాడు, ఉల్లిపాయలు రాశాడు, టీసీలో గుర్తుల సంగతి రాశాడు. జైనులేనని తేల్చి సంతకం పెట్టాడు. మంగళవారం మధ్యాహ్నానికల్లా సర్టిఫికెట్ ఖ్యాతి చేతిలో ఉంది. సీటు నిలిచింది.

గురువారం పొద్దున సుందర్‌బాయి మళ్లీ ఆఫీసుకొచ్చింది. కృతజ్ఞతలు చెప్పడానికొచ్చిందనుకుని మస్తాన్‌రావు కుర్చీలో వెనక్కి వాలాడు. మిఠాయి పెట్టె కోసం ఆమె చేతుల వైపు చూశాడు కూడా. ఆ చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆమె వాటిని జోడించింది.

“మిచ్ఛామి దుక్కడం. నిన్నటితో మా పండగలు అయిపోయినయ్. తెలిసో తెలియకో నొప్పించిన వాళ్లందర్నీ క్షమించమని అడగాలి. ఆ రోజు వరండాలో బల్ల మీద కూర్చుని మనసులో మిమ్మల్ని చానా తిట్టుకున్నా సారూ. ఉపవాసంలో ఉండి తిట్టుకున్నా. నన్ను క్షమించండి.”

ఆఫీసులో గుమాస్తాలు తలలెత్తారు. కలెక్టరొస్తే తప్ప కుర్చీ దిగని మస్తాన్‌రావు లేచి నిలబడ్డాడు. దాహంతో ఎండబెట్టింది తాను. క్షమించమంటున్నది ఈమె. ముప్పై నాలుగేళ్లలో ఎంతమందిని ఆ బల్ల మీద కూర్చోబెట్టాడో, ఎవరెవరు మనసులో ఏమేం తిట్టుకున్నారో, ఒక్కరూ వచ్చి చెప్పలేదు. ఆయనా ఎవరినీ అడగలేదు.

“తప్పు నాది అక్కా” అన్నాడు. “మీరే నన్ను క్షమించాలి.”

“ఎప్పుడో క్షమించా తమ్ముడూ. వచ్చే ఏడు కూడా వస్తా.”

“వచ్చే ఏటికి నేనిక్కడ ఉండను, రిటైరైపోతా.”

“అయితే ఇంటికొస్తా. ఇల్లెక్కడో చెప్పు.”

సర్వీసంతా ఊళ్లో వాళ్ల ఇంటి నంబర్లు అడిగి రాసుకున్న మస్తాన్‌రావు, తన ఇంటి నంబరు, వీధి పేరు, మలుపులో ఉన్న వేపచెట్టు గుర్తుతో సహా ఒక తెల్లకాగితం మీద జాగ్రత్తగా రాసి ఆమె చేతికిచ్చాడు.