మూత లేని మిషను

"నువ్వు అక్కడే కూర్చో. ఇవాళ మిషన్లో పళ్ళు పాప పోస్తుందిలే," అంది బుజ్జమ్మ, కోడలి చెంబులోకి ఎత్తు నుంచి నీళ్ళు వంచుతూ.

హరిచందన పొద్దున్నే బయట చేరింది. ఆ మూడు రోజులూ ఆమె కాఫీ పళ్ళు ముట్టుకోకూడదని ఆ ఇంటి కట్టుబాటు. నిరుడు తొట్టిలో నానేసిన గింజలు పులిసి కంపు కొట్టాక పుట్టిందది. వేళకు కడగాల్సిన మొగుడు ఉదయ్‌భాస్కర్ క్రికెట్ చూస్తూ మర్చిపోయాడు. గింజలు చెడింది మాత్రం ఈమె చెయ్యి తగిలేనట. మిగతా రోజుల్లో ఆ పళ్ళు కోసేదీ, తోలు తీసేదీ, ఎండలో తిరగేసేదీ ఆ చెయ్యే. అప్పుడు ఎవరికీ ఏ మైలా గుర్తురాదు.

మారేడుమిల్లి పైన కొండవాలులో వాళ్ళ తోట. కోసిన పళ్ళకు ఆ రోజే తోలు తీయాలి, లేకపోతే పాడైపోతాయి. రేకుల షెడ్డులో తోలు తీసే మిషను బెల్టుకు ఒకప్పుడు ఇనుప మూత ఉండేది. పనికి అడ్డమని ఉదయ్‌భాస్కర్ విప్పి పారేశాడు. కిందటి నెల ఆ బెల్టే హరిచందన పమిట లాగేసుకుంది. పమిట చిరిగింది కాబట్టి బతికింది. "చూసుకుని చెయ్యాలి కదా," అన్నాడతను. ఆ పూట వంట కూడా ఆమే చేసింది.

ఇప్పుడు ఆ మిషను ముందు పీట మీద కూతురు హేమశ్రీ నిలబడింది. నాలుగో తరగతి పిల్ల. వంగినప్పుడల్లా ఎడమ జడ జారి, తిరిగే బెల్టు దగ్గరికి వెళ్తోంది.

"ఏమండీ, దాన్ని దించండి. జడ చూడండి."

"నేనున్నాగా. నీకు ప్రతిదానికీ భయమే," అన్నాడు ఉదయ్‌భాస్కర్, ఫోన్లోంచి తలెత్తకుండా.

భయమే. అత్తగారి మూతి విరుపుకు భయం, మామగారి దగ్గుకు భయం, పదకొండేళ్ళుగా భయంతోనే కాపురం చేసింది. కానీ ఇది అలాంటిది కాదు. పరిగెత్తి పట్టుకుంటే పిల్ల అదిరిపడి ముందుకే తూలుతుందేమో. జడ మళ్ళీ జారింది.

హరిచందన లేచింది. గోడవారనున్న పళ్ళ బుట్టల దగ్గరికి వెళ్ళి ఒక్కోదాంట్లో మోచేతుల దాకా చేతులు ముంచింది.

"అత్తయ్యా, ఇటు చూడండి."

"అయ్యో, అన్నీ ముట్టేసుకుంది. ఆపరా భాస్కరూ, మిషను ఆపు."

కూతురి జడకు ఆగని మిషను ఆ మాటకు ఠక్కున ఆగింది.

"పిచ్చా నీకు? ఈ పళ్ళన్నీ ఏం చెయ్యాలిప్పుడు?" అన్నాడు ఉదయ్‌భాస్కర్.

హరిచందన పిల్లను పీట మీంచి దించింది.

"మూత బిగించేదాకా నాకు రోజూ ముట్టేనండి," అంది.